సంబంధం లేని కాగితాలు

ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎదురుగా ఉంటే 'సార్', అటు తిరిగితే 'ముక్తసరి'. ఎంత పొడుగు అర్జీ అయినా, ఎన్ని పేజీల మొరయినా, రిజిస్టర్లో ఒక్క గీత మీద ఇమిడేలా నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడని ఆ పేరు పెట్టారు. ఇరవయ్యారేళ్ళుగా ఆయన పని అదే. జనం అర్జీలు పెట్టుకుంటారు. ముక్తసరి చదువుతాడు, సారాంశం రాస్తాడు. పైవాళ్ళు ఆ సారాంశం చూసి సంతకం పెడతారు. అసలు కాగితం బీరువాలోకి పోతుంది. దాన్ని మళ్ళీ కన్నెత్తి చూసే నాథుడు ఉండడు.

ఎనిమిది నెలల కిందట ఆ చదివే పనీ, రాసే పనీ మిషను తీసుకుంది. ముక్తసరికి మిగిలింది పిన్నులు పీకడం, మడతలు సాపు చెయ్యడం, కాగితాల్ని స్కానరు నోట్లో పెట్టడం. అవతల తెర మీద అర్జీ నంబరు పడుతుంది, దాని కింద సారాంశం, దాని కింద తీర్పులాంటి ఒక మాట. చూసి బాణం గుర్తు నొక్కాలి. ఉద్యోగం పోలేదు కదా అని ఆయన కిక్కురుమనలేదు. పిన్నులన్నీ ఒక ఖాళీ అగరువత్తుల డబ్బాలో వేసుకుంటూ కూర్చున్నాడు.

ఆ సోమవారం మాత్రం కాగితాలు బస్తాల్లో వచ్చాయి. కొత్త చట్టం ఒకటి రాబోతోంది. అందులో ఏడో సెక్షన్ మీద ఊరూవాడా ఒకటే గొడవ. ఫ్యాక్టరీలో గానీ ఆఫీసులో గానీ మనుషుల్ని తీసి మిషను పెట్టాలంటే ముందు ఆ మనుషుల్ని అడగాలి, ఆ మిషను వల్ల మిగిలిన డబ్బులో వాళ్ళకి వాటా ఇవ్వాలి. ఇదీ ఆ సెక్షన్. ఉంచాలా, తీసెయ్యాలా, మీ అభిప్రాయం రాసి పంపండి అని ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. ఎన్నికైన సభ్యులతో కమిటీ వేసింది. గురువారం ఆఫీసు కింది అంతస్తులోని హాల్లో బహిరంగ విచారణ. ఆలోపల అర్జీలన్నిటికీ సారాంశం తయారవ్వాలి.

స్కానరు ఆ రోజు పదిసార్లు మొరాయించింది. జనం రాసి పంపినవి సవ్యమైన కాగితాలు కావు. పిల్లల నోటుపుస్తకాల్లోంచి చింపినవి, క్యాలెండరు వెనక వైపు రాసినవి, మందుల షాపు రసీదుల మీద సన్నగా ఇరికించినవి. ముక్తసరి ఒక్కొక్కదాన్నీ బల్ల మీద పరిచి అరచేత్తో ఇస్త్రీ చేసినట్టు రుద్ది లోపలికి పంపుతున్నాడు. మధ్యాహ్నం మూడు దాటాక చేతికొచ్చిన కాగితం చూసి ఆగాడు.

నీలం గీతల కాగితాలు మూడు. పైన మూల సూదితో గుచ్చి దారంతో కుట్టి ఉన్నాయి. అక్షరాలు లావుగా, ఎడంగా, ఒక్కొక్కటీ విడిగా నిలబెట్టినట్టు ఉన్నాయి. ఆ రాత ఎవరిదో ఆయనకి తెలుసు. అక్కది.

ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే, అక్కా తమ్ముడూ. మూడు సాయంత్రాలపాటు అక్క ఒళ్ళో అట్ట పెట్టుకుని ఈ కాగితం రాయడం చూశాడు. తొంగి చూడబోతే మోచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు కాదురా. ఆఫీసుకి వస్తుందిగా, అక్కడ చదువుకో. ఇక్కడ నువ్వు నా తమ్ముడివి, అక్షరాలు దిద్దుతావు. అక్కడైతే గవర్నమెంటువి."

దారం తెంపడానికి మనసొప్పలేదు. అయినా తెంపాడు. మూడు కాగితాలూ స్కానరులోకి పోయి ఇవతలికి వచ్చాయి. రెప్పపాటులో తెర మీద అక్షరాలు పడ్డాయి.

'అర్జీ నం. 612. సారాంశం: టైల్స్ ఫ్యాక్టరీ మాజీ కార్మికురాలి వ్యక్తిగత అనుభవం. ఏడో సెక్షన్‌పై అభిప్రాయం: సంబంధం లేదు.'

వేలు బాణం గుర్తు మీదే ఉండిపోయింది. కాగితాలు చేతిలోకి తీసుకుని చదివాడు.

'అయ్యా, చట్టం గురించి నాకు తెలీదు. మీకు తెలుసు. నాకు తెలిసింది రాస్తున్నాను. టైల్స్ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు టైలు మోగించే పని చేశాను. బట్టీలోంచి టైళ్ళు బెల్టు మీద వేడిగా వస్తాయి. ఎడమ చేతి వేళ్ళ మీద టైలు నిలబెట్టి కుడిచేత్తో చెక్క సుత్తితో ఒక్కసారి కొట్టాలి. మంచిదైతే గంటలా మోగుతుంది. లోపల వెంట్రుకంత పగులున్నా డబ్‌మంటుంది. ఆ పగులు కంటికి కనపడదు, చెవికే తెలుస్తుంది. పోయిన ఏడాది మా మెడలకి మైకులు కట్టారు. కొట్టినప్పుడల్లా మంచిది, చెడ్డది అని పైకి చెప్పమన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మూడు నెలలు చెప్పాం. నాకు జలుబు చేసి చెవి దిబ్బెడ వేసిన రోజున తప్పు చెబుతానేమోనని భయపడి సెలవు పెట్టాను. అంత శ్రద్ధగా చెప్పాను. నాలుగో నెలలో మిషను వచ్చింది. తొమ్మిదిమంది ఆడవాళ్ళని గేటు బయటికి పంపారు. మేము నేర్పిందే అది చేస్తోంది. మా చెవులు లోపల ఉన్నాయి, మేము బయట ఉన్నాం. ఆఖరి రోజున హాజరు మిషనులో వేలు పెడితే అది నన్ను గుర్తుపట్టలేదు. టైళ్ళు పట్టుకుని పట్టుకుని నా వేలిగీతలు అరిగిపోయాయట. ఇంకా రెండు పేజీలు ఉంది, దయచేసి చదవండి.'

ఇంకా రెండు పేజీలూ చదివాడు. మిషను లెక్క ప్రకారం ఇది సెక్షన్‌కి సంబంధం లేని కాగితం. ఎందుకంటే ఎక్కడా 'సెక్షన్' అన్న మాట లేదు, 'అనుకూలం' అన్న మాట లేదు.

సాయంత్రం అయిదింటికి మొత్తం పట్టిక తీశాడు. వచ్చిన అర్జీలు 1,412. అనుకూలం 96. ప్రతికూలం 204. సంబంధం లేదు 1,112. అడుగున మిషను తేల్చిన మాట: 'అభిప్రాయం తెలిపినవారిలో అత్యధికులు ఏడో సెక్షన్‌ని వ్యతిరేకిస్తున్నారు.'

ఆ రెండువందల నాలుగూ వెతికి తీశాడు. వెతకడానికి పెద్ద కష్టమేం కాలేదు. అన్నీ మందపాటి తెల్ల కాగితాలు, అన్నీ యజమానుల సంఘం నుంచి ఒకే కట్టగా వచ్చాయి. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒకటే ఉత్తరం, 'అభివృద్ధి'లో పోయిన ఒత్తు కూడా అన్నిట్లోనూ పోయింది. కింద సంతకాలు మాత్రం వేరు.

ముక్తసరికి ఒళ్ళు మండిపోయింది. చివరిసారి ఎప్పుడు కోపం వచ్చిందో ఆయనకే గుర్తులేదు. అలవాటు లేని మనిషి కదా, ఆ కోపాన్ని ఏం చెయ్యాలో తెలీక అగరువత్తుల డబ్బా తీసి గట్టిగా బల్ల మీద పెట్టాడు. పిన్నులు ఎగిరి నేల మీద పడ్డాయి. వంగి అన్నీ ఏరుకున్నాడు.

ఇంటికి చేరేసరికి అక్క సింకు దగ్గర కంచాలు కడుగుతోంది. కడిగిన ప్రతి కంచాన్నీ వేలితో ఒకసారి కొట్టి, విని, అప్పుడు బోర్లిస్తుంది. పని పోయి అయిదు నెలలైనా చెయ్యి ఆగలేదు.

"వచ్చిందా నాది?" అంది తిరక్కుండానే.

"వచ్చింది."

"చదివారా?"

ముక్తసరి చెప్పులు విప్పడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు వంగి ఉన్నాడు. "చదివాం" అన్నాడు.

"అందరూ?"

"ఆఁ."

అక్క చేతులు చీరకి తుడుచుకుంటూ ఇటు తిరిగింది. ఈ అయిదు నెలల్లో ఆ మొహంలో అంత వెలుగు ఆయన చూడలేదు. "ఆ జలుబు సంగతి రాయాలా వద్దా అని తెగ ఆలోచించానురా. పెద్దవాళ్ళు చదివే కాగితంలో జలుబేమిటి అనుకున్నాను. మళ్ళీ, నిజమేగా, ఉండనీ అనుకున్నాను. బాగుందన్నారా?"

"బాగుందక్కా" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన ఒక కట్ట చంకన పెట్టుకుని మేడమెట్ల మలుపులో కూర్చున్నాడు. 'సంబంధం లేదు' కట్ట. ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాడు. ఎనిమిది నెలలుగా కాగితాలు చేతుల్లోంచి పోతున్నాయే గానీ కళ్ళలోంచి పోవడం లేదు.

ఫోన్లలో జనానికి జవాబు చెప్పే కంపెనీలో పనిచేసిన ఒకతను రాశాడు: 'పదేళ్ళు రోజూ తిట్లు తిన్నాను. తిట్టినవాళ్ళకి నమస్కారం పెట్టాను. నా నమస్కారాలన్నీ రికార్డు చేసి మిషనుకి పోశారు. ఇప్పుడు అది నా గొంతుతో నమస్కారం పెడుతోంది. నిన్న కరెంటు బిల్లు గురించి ఫోన్ చేస్తే నాతో నేనే మాట్లాడాను.' ఒక ఆడపిల్ల రాసింది: 'మా నాన్న ముప్ఫయ్యేళ్ళు గోడౌనులో సరుకు సర్దారు. ఇప్పుడు కూడా అయిదింటికే లేస్తారు. లేచి, బట్టలు వేసుకుని, మంచం మీద కూర్చుంటారు. ఏదైనా పని చెప్పమని నన్ను అడుగుతారు.' లెక్కల గుమాస్తా ఒకాయన నాలుగే నాలుగు వాక్యాలు రాశాడు. చివరిది: 'నన్నెవరూ ఏదీ అడగలేదు, మొదటిసారి మీరు అడిగారు కాబట్టి కృతజ్ఞతలు.'

ఆ కృతజ్ఞతల దగ్గర ముక్తసరి కాగితం మడిచేశాడు. మొహం మీద ఊసినా ఇంత మంట పుట్టేది కాదు.

బుధవారం పొద్దున్నే సూపరింటెండెంటు గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళాడు. ఆవిడ ఆయనకంటే పదేళ్ళు చిన్న. చెడ్డ మనిషేం కాదు. జ్వరం వచ్చిందంటే ఇంటికి పంపించేస్తుంది, పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఇన్నాళ్ళూ ఆవిడ ముందు గొంతెత్తాల్సిన అవసరం రాలేదు.

"మేడమ్, ఆ సారాంశం రేపు హాల్లో చదవడానికి వీల్లేదు."

"కూర్చోండి ముందు."

"కూర్చోను. పదకొండువందల పన్నెండుమంది మొత్తుకుని రాస్తే సంబంధం లేదట. ఒక్కడు రాసి రెండొందలమంది సంతకం పెడితే అది ప్రజాభిప్రాయమట. పని పోయిందండీ, ఆ సెక్షన్ వచ్చిందే అందుకు. పని పోయినవాడు పని పోయిందని రాస్తే సెక్షన్‌కి సంబంధం లేకపోవడమేమిటి? ఆ మిషనుకి కళ్ళున్నాయా? దాన్ని తయారుచేసినవాడికి ఉన్నాయా?"

బయట వరండాలో నడుస్తున్నవాళ్ళు ఆగారు. ముక్తసరి అరుస్తున్నాడంటే ఎవరికీ నమ్మకం కలగలేదు. ఆవిడ లేచి తలుపు వేసింది. తాళంచెవుల గుత్తి తీసుకుంది.

"రండి. మీకు చెప్పకూడదనే అనుకున్నాను."

రికార్డు రూములో బూజు వాసన. గోడ పొడుగునా రిజిస్టర్లు. అన్నిటి వీపుల మీదా సంవత్సరాలు ముక్తసరి దస్తూరీలోనే ఉన్నాయి. వాటి మధ్యలో కొత్తగా తెల్ల చీటీలు అంటించి ఉన్నాయి.

"మిషనుకి పని నేర్పాలంటే పాత సారాంశాలు కావాలన్నారు కంపెనీవాళ్ళు. ఏ ఆఫీసు రిజిస్టర్లు తీసుకోవాలా అని అన్నీ చూశారు. ఇన్నేళ్ళపాటు ఇంత నిలకడగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసినవి ఇంకెక్కడా లేవన్నారు. అన్నీ మీవే తీసుకున్నారు, సార్. అది మిమ్మల్ని చూసే నేర్చుకుంది."

ఆవిడ ఒక రిజిస్టరు తీసి కిటికీ అరుగు మీద తెరిచింది. పద్నాలుగేళ్ళ కిందటిది. గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా వరసగా ఉన్నాయి. చివరి గడిలో పైనుంచి కింది దాకా: 'కుటుంబ గాథ. విషయానికి సంబంధం లేదు. దాఖలు.' 'వ్యక్తిగతం. సంబంధం లేదు. దాఖలు.' 'పైదే. దాఖలు.' 'పైదే.' 'పైదే.'

ముక్తసరి పేజీ తిప్పాడు. అప్పట్లో ఒక మిల్లు పెంచుకోవడానికి అనుమతి అడిగితే జనం అభిప్రాయాలు రాశారు. వరసలో ఒకటి: 'అర్జీదారు: మిల్లు కార్మికుడి భార్య. నాలుగు పేజీలు. సారాంశం: భర్త దగ్గు. విషయానికి సంబంధం లేదు. దాఖలు.'

ఆ నాలుగు పేజీల్లో ఏముందో ఆయనకి ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఆవిడ మొహం అసలే తెలీదు. మిల్లుకి అనుమతి వచ్చిన సంగతి మాత్రం గుర్తుంది. ఆ రోజు ఆఫీసులో మిఠాయి పంచారు. తను రెండు తిన్నాడు.

అక్క మెడకి మైకు కట్టి నేర్పించుకున్నారు. ఈయన మెడకి ఏమీ కట్టక్కర్లేకపోయింది. తనంతట తనే, తీరుబడిగా, మంచి దస్తూరీతో నేర్పిపెట్టాడు.

"మీ తప్పని కాదు నేననేది" అంది ఆవిడ మెల్లగా. "అందరం అలాగే రాసేవాళ్ళం. మీరు శుభ్రంగా రాశారు, అంతే. రేపు ఆ ఒక్క పేజీ చదివెయ్యండి. రిటైరుమెంటు దగ్గర్లో ఉంది. ఎందుకు చెప్పండి ఇదంతా?"

ముక్తసరి రిజిస్టరు మూసి, అది ఉన్న చోటే పెట్టి, చేతులు దులుపుకున్నాడు. ఎంత దులిపినా దుమ్ము పోలేదు.

గురువారం పదింటికి హాలు కిక్కిరిసింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. వేదిక మీద అయిదుగురు సభ్యులు, మధ్యలో కమిటీ అధ్యక్షుడు. ముందు వరసలో యజమానుల సంఘంవాళ్ళు ఒకే రంగు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఏడో వరసలో అక్క, ఆమె చుట్టూ ఫ్యాక్టరీలో కలిసి పనిచేసిన ఆడవాళ్ళు. అక్క ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. తమ్ముడు కనపడగానే పక్కావిడకి మోచేత్తో పొడిచి చూపించింది.

కార్యక్రమంలో రెండో అంశం సారాంశ పఠనం. ముక్తసరి వేదిక పక్క తలుపులోంచి తోపుడుబండి నెట్టుకుంటూ వచ్చాడు. దాని మీద అర్జీల కట్టలు. అసలు కాగితాలు తేవాలని ఎవరూ చెప్పలేదు, తేవద్దనీ చెప్పలేదు. సూపరింటెండెంటు మొహంలో రంగు మారింది.

మైకు ముందు నిలబడి ఆ ఒక్క పేజీ పొల్లుపోకుండా చదివాడు. మొత్తం ఇన్ని, అనుకూలం ఇన్ని, ప్రతికూలం ఇన్ని, సంబంధం లేనివి ఇన్ని. అత్యధికులు వ్యతిరేకిస్తున్నారు. హాల్లో గోల లేచింది. అధ్యక్షుడు బల్ల మీద చరిచాడు.

"ధన్యవాదాలు. మీరిక కూర్చోవచ్చు."

"అయిపోలేదండీ. ఇప్పుడు చదివింది అబద్ధం."

"ఏమిటీ?"

"పదకొండువందల పన్నెండుమంది తమ పని ఎలా పోయిందో రాశారు. దాన్ని సంబంధం లేదని పక్కన పెట్టాం. మిషను అలా రాసిందని మొన్నటిదాకా మిషనుని తిట్టుకున్నాను. కానీ ఆ మాట మిషనుది కాదు, నాది. ఇరవయ్యారేళ్ళు మీ అందరి కాగితాల మీదా నేను ఆ మాటే రాశాను. మిల్లు పెంచడం గురించి అభిప్రాయం అడిగితే ఒకావిడ మొగుడి దగ్గు గురించి రాసింది. సంబంధం లేదని రాశాను. నా రాతల్ని దానికి తినిపించారు. అది నాలాగే తయారైంది."

అధ్యక్షుడు పక్కకి చూసి చెయ్యి ఊపాడు. మైకు చచ్చిపోయింది. ముక్తసరి గొంతు సన్నగా, ఒంటరిగా మిగిలింది. దాన్ని పెంచడానికి ప్రయత్నిస్తే కీచుమంది.

"ఆరువందల పన్నెండో అర్జీ పూర్తిగా చదువుతున్నాను" అని దారం తెగిన మూడు కాగితాలూ తీశాడు. "అయ్యా, చట్టం గురించి నాకు తెలీదు. మీకు తెలుసు..."

ఏడో వరసలో కుర్చీ చప్పుడైంది. అక్క లేచింది. అడ్డం వచ్చిన మోకాళ్ళని దాటుకుంటూ నడవలోకి వచ్చి, వేదిక వైపు నడిచింది. ముక్తసరికి గుండె నిండిపోయింది. పక్కన నిలబడడానికి వస్తోందనుకున్నాడు.

అక్క ఎదురుగా వచ్చి చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు."

"అక్కా, చదువుతున్నానుగా..."

"సోమవారం చదివామన్నావు. ఎప్పుడు చదివావురా? వీళ్ళు అవతల పారేశాకా, పారెయ్యక ముందా?"

ఆయన దారం తెగిన మూలని బొటనవేలితో కప్పుకున్నాడు.

"నా కాగితం నేను చదువుకుంటాను. నీ నోటితో వద్దు. ఇన్నేళ్ళూ నీ నోట్లో పడే పోయింది జనం మాట."

పెద్దగా అనలేదు. అయినా వేదిక మీది అయిదుగురికీ, ముందు వరసలవాళ్ళకీ వినపడింది. ఆయన చేతిలోంచి కాగితాలు తీసుకుంది. మైకు వైపు చూడను కూడా లేదు. బట్టీ హోరులో పంతొమ్మిదేళ్ళు మాట్లాడిన గొంతు ఆమెది, హాలు చివర నిలబడ్డవాడి దాకా పోయింది. మెడకి కట్టిన మైకు సంగతీ, జలుబు చేసిన రోజు సంగతీ, అరిగిన వేళ్ళ సంగతీ చదివింది. మిగతా రెండు పేజీలూ చదివింది. చదవడం అయ్యాక కాగితం దించి అధ్యక్షుడి వైపు తిరిగింది.

"ఎన్నికలప్పుడు మీరు మా గేటు దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఫోటో తీయించుకున్నారు. ఈ చేతులకి అన్యాయం జరగనివ్వనన్నారు. మీ చేతిని ఒక మాట అడుగుతున్నాను. ఈ కాగితానికి సంబంధం ఉందా, లేదా?"

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంటకి ముగించాలి. ఒక్కొక్కరి సొంత విషయాలు వింటూ కూర్చుంటే..."

"నాది ఇవ్వండి!" వెనకనుంచి ఒకతను అరిచాడు. "నాలుగువందల ముప్ఫై!"

ముక్తసరి కట్టల మీద పడ్డాడు. ఏ నంబరు ఏ కట్టలో ఎక్కడ ఉందో చేతులకి తెలుసు. తీసి ఇచ్చాడు. అతను ఫోన్ల కంపెనీ మనిషి. మిషనుకి ఇచ్చిన ఆ నమస్కారపు గొంతుతోనే మొదలుపెట్టి, సగంలోకి వచ్చేసరికి అరుస్తున్నాడు. అతని వెనక ఒకావిడ నిలబడింది, ఆవిడ వెనక ఇద్దరు. వరస నడవ దాటి గుమ్మం దాకా పోయింది. యజమానుల సంఘంవాళ్ళు లేచి అభ్యంతరం చెప్పారు. వేదిక చివర కూర్చున్న ముసలి సభ్యురాలు అప్పటిదాకా నోరు విప్పలేదు. నియమాల పుస్తకం ముందు పెట్టుకుని, వేలితో ఒక పంక్తి చూపించింది.

"అర్జీ పెట్టినవాళ్ళు హాజరై మాట్లాడతామంటే వినకుండా విచారణ ముగించడానికి మనకి అధికారం లేదు, అధ్యక్షా. చదవండి, కావాలంటే."

అధ్యక్షుడు చదివాడు. రెండుసార్లు చదివాడు. కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

ఒక్క పూటలో తేలాల్సిన విచారణ వచ్చే మంగళవారం దాకా సాగింది. రాలేనివాళ్ళ కాగితాల్ని వచ్చినవాళ్ళు చదివారు. అధ్యక్షుడు రెండో రోజు నడుం నొప్పి అని రాలేదు. ముసలావిడే కూర్చుని ఆఖరి కాగితం దాకా విన్నది. ముక్తసరి అయిదు రోజులూ బండి పక్కన నిలబడి నంబరు పిలిచాడు, కాగితం ఇచ్చాడు, తిరిగి తీసుకుని కట్టలో పెట్టాడు. ఎవరూ ఆయనకి ధన్యవాదాలు చెప్పలేదు. గోడౌను కార్మికుడి కూతురు మాత్రం కాగితం తిరిగి ఇస్తూ, "మీరేనా అది?" అని అడిగింది. ఆయన "నేనేనమ్మా" అన్నాడు. ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఏడో సెక్షన్ నిలిచింది. అర్జీలన్నీ ఒక్క అక్షరం కుదించకుండా నివేదికకి జత చెయ్యాల్సి వచ్చింది. వాటా మాట అలాగే ఉంది. కానీ పై అంతస్తుల్లో ఎక్కడో, ఎవరి కలంతోనో, 'ముందు ఆ మనుషుల్ని అడగాలి' అన్నది 'ముందు ఆ మనుషులకి తెలియజేయాలి' అయింది. ఒక్క మాట. పేపర్లో చదివి అక్క ఆ పేపరుని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చదివింది. "తెలియజేస్తారట. ఆ రోజు గేటు దగ్గర తెలియజేశారుగా!" అని ఇల్లు అదిరిపోయేలా అరిచింది. తమ్ముడితో కాదు, పేపరుతో.

తమ్ముడితో ఆమె మాట్లాడ్డం లేదు. కంచం బల్ల మీద పెడుతుంది, అవతలికి పోతుంది. ఆయన్ని సస్పెండు చేసిన కాగితం సూపరింటెండెంటే స్వయంగా ఇచ్చింది. కళ్ళలోకి చూడకుండా, "సంతకం ఇక్కడ" అంది. మిషను మాత్రం ఉద్యోగంలోనే ఉంది.

సస్పెండైన తొమ్మిదో రోజు పొద్దున అక్క చెప్పులు వేసుకుని గుమ్మంలో ఆగింది.

"నీకూ పని లేదుగా ఇప్పుడు."

"లేదు."

"కార్మికుల హాల్లో కాగితాలు రాసిపెడుతున్నాం. ఆ ఒక్క మాట మార్చిందాని మీద మళ్ళీ అర్జీలు. రాయడం రానివాళ్ళు వస్తున్నారు, మాకు చేతులు చాలడం లేదు. నీ దస్తూరీ బాగుంటుంది." ఆగి, వేలు చూపిస్తూ అంది. "నీ తెలివి ఇంట్లో పెట్టి రా. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయి."

హాల్లో పొడుగాటి బల్ల. ఒక చివర అక్క, రెండో చివర ముక్తసరి. మొదట ఆయన ముందు కూర్చున్నది ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని పోయిన మనిషి. లావుపాటి చేతులు, వేడి నీళ్ళకి పాలిపోయిన వేళ్ళు. కుర్చీ అంచున కూర్చుని, గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. వాళ్ళ వీధిలో కుక్క సంగతి చెప్పింది. నాలుగింటికి పనికి బయల్దేరితే సందు చివరిదాకా తోడొచ్చే కుక్క. ఇప్పుడు ఆ వేళకి గుమ్మం ముందుకొచ్చి మొరుగుతుందట. చుట్టుపక్కలవాళ్ళు తిడుతున్నారట. దానికెలా చెప్పాలో తెలీడం లేదట. పెద్దమ్మాయి దాన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మంటోందట.

ముక్తసరి రాస్తున్నాడు. అర పేజీ అయింది. పేజీ అయింది. కుక్క ఇంకా సందు చివరే ఉంది. ఆయన కలం ఆగింది. ఎంత పట్టుకున్నా ఆగకుండా నోట్లోంచి మాట జారిపోయింది.

"అసలు విషయం చెప్పమ్మా."

ఆ మనిషి బల్ల మీద అరచెయ్యి చరిచింది. "అదేగా చెబుతున్నాను!"

బల్ల అవతలి చివర అక్క తలెత్తి ఇటు చూసింది. ముక్తసరి తలొంచుకున్నాడు. కలం కాగితానికి ఆన్చి, గుండ్రటి అక్షరాలతో, తర్వాతి గీత మీద రాశాడు: 'అదేగా చెబుతున్నాను.'

"ఆ తర్వాత?" అన్నాడు.